బెదురు కుక్క గోళ్ళు తీయుట

గోదావరి డెల్టాలో కాపలా పాక ఉన్నచోట కుక్క కూడ ఉండుట పరిపాటి. కోనసీమలో కొబ్బరితోటకు, భీమవరము ప్రాంతములో చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు, కళ్ళములో ధాన్యపు రాశికి, దొడ్డిలో పశువులకు రాత్రి కాపరి అదియే. ఎద్దు కుంటినచో ఆ పూటకే గిట్ట ఎత్తి చూచెదము. గేదె పాలు తగ్గినచో పొదుగు తడిమి చూచెదము. కుక్క పాదము ఎత్తి చూచినవారు ఊరికి ఎందరుందురు? అది కుంటుచు వచ్చినచో, ఎక్కడో ముల్లు గ్రుచ్చుకొని యుండునని ఊరకుందుము. కొన్ని సార్లు అది ముల్లు కాదు. దాని గోరే చుట్టుకొని వచ్చి దాని మాంసములో దిగియుండును.

ఆ సంగతి తెలిసిన తరువాత సాధారణముగా జరుగునది ఇంకను చెడ్డది. నలుగురు మనుషులు చేరి, మెడ నొకరు, కాళ్ళు ఇద్దరు పట్టి, నాలుగవవాడు కత్తెర తీయును. కుక్క పెనుగులాడును. గోరు లోతుగా తెగి నెత్తురు కారును. కుక్క ఎవరినో కరచును. అటుపై ఆ కుక్క జీవితాంతము తన పాదమును ఎవరినీ తాకనీయదు. గోళ్ళు తీయుట అయిదు నిమిషముల పని. బెదురు తీయుటకు పది పదునైదు దినములు పట్టును. రెండవ పనిని ముందు చేసినచో మొదటి పని తేలిక.

గోరు ఎందుకు పెరుగును?

కుక్క గోరు ఎల్లప్పుడు పెరుగుచునే యుండును. రాతినేలపై తిరుగు కుక్కకు పెరిగినది పెరిగినట్లే అరిగిపోవును. మనది ఒండ్రునేల. వందల ఏండ్లుగా గోదావరి తెచ్చి పోసిన మెత్తని మన్ను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన నాటినుండి ఈ నేల సంవత్సరములో చాల భాగము తడిగానే యుండుచున్నది. వరికి ఎంత మంచిదో, కుక్క గోరు అరుగుటకు అంత పనికిరానిది. ఇప్పుడు ఊళ్ళలో సిమెంటు రోడ్లు వచ్చినవి గనుక వీధిలో తిరుగు కుక్కకు చిక్కులేదు. చిక్కంతయు కట్టివేసిన కుక్కతోనే. పాక చుట్టు నాలుగు గజముల బురదలోనో, గడ్డిలోనో తిరుగుచుండు కుక్కకు గోరు అరుగు మార్గమే లేదు. ముసలి కుక్కకు, కుంటి కుక్కకు, కూర్చుండబెట్టి మేపిన కుక్కకు కూడ ఇదే గతి.

ఇక్కడ గ్రామాధికారులు గుర్తుంచుకొనదగిన మాట ఒకటి కలదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టములోని 11వ సెక్షను ప్రకారము, పశువునుగాని కుక్కనుగాని మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో చాలసేపు కట్టియుంచుట నేరము. ఎప్పుడును కట్టియుంచు కుక్కను తగినంత తిప్పకుండుట కూడ నేరమే యని ఆ సెక్షను ప్రత్యేకముగా చెప్పుచున్నది. రోజుకు అరగంట గట్టి రోడ్డుపై నడిపించినచో చట్టమునకు చట్టము, గోటికి గోరు, రెండును చక్కబడును. అయితే వేసవిలో మధ్యాహ్నము తారురోడ్డుపై నడిపించరాదు. మన అరచేయి ఆ రోడ్డుపై నిలువని వేడిలో కుక్క అరికాలు కూడ నిలువదు.

ఎంత నడిపించినను అరుగని గోరు ఒకటి కలదు. ముందు కాలి లోపలి ప్రక్కన, నేలకు తగులకుండ పైకి ఉండు బొటనవ్రేలి గోరు అది. మాంసములోనికి చుట్టుకొని దిగునది ఎక్కువగా ఇదియే. కొన్ని కుక్కలకు వెనుక కాళ్ళకు కూడ ఇట్టి వ్రేలు ఉండును. వెంట్రుకల చాటున ఉండుటచేత కంటికి కనిపించదు. చేతితో తడిమి చూడవలెను. ముందు కాళ్ళకు అయిదేసి, వెనుక కాళ్ళకు నాలుగేసి చొప్పున సాధారణముగా కుక్కకు 18 గోళ్ళుండును. లెక్క సరిపోవు వరకు వెదకుట మంచిది.

గోరు పెరిగినదని తెలియుట ఎట్లు? కుక్కను గచ్చుపై నిలువబెట్టండి. గోటి కొన నేలను తాకకుండ, దాని క్రింద కాగితము దూరునంత సందు ఉన్నచో అది సరియైన పొడవు. గచ్చుపై నడచునపుడు టకటక శబ్దము వినిపించినచో పెరిగినదన్నమాట. పెరిగిన గోరు నేలను తన్ని వ్రేలిని పైకి నెట్టును. వ్రేళ్ళు విడిపోవును. కుక్క బరువు వెనుకకు వేసి నడచును. నెలల తరబడి ఇట్లు నడచిన కుక్కకు కీళ్ళు నొచ్చును. ఇంకొక ప్రమాదమేమనగా, పొడవైన గోరు వలలోనో, గోనెసంచిలోనో, తాటాకు దడిలోనో తగులుకొని మొదలంట చీలిపోవును. ఆ నొప్పి భరింపరానిది.

బెదురు ఎట్లు తీయవలెను?

ఎడ్లకు నాడాలు కొట్టుట చూచినవారు మనలో ఎందరో కలరు. ఎద్దును త్రాళ్ళతో పడవేసి, నాలుగు కాళ్ళు కట్టి, నాడాలు కొట్టి లేపుదురు. లేచిన ఎద్దు దులుపుకొని మేత మేయును. కుక్క విషయములో ఆ పద్ధతి పనికిరాదు. కుక్కకు పండ్లున్నవి, జ్ఞాపకమున్నది, అన్నిటిని మించి రాత్రి మన ఇంటిలో మన పిల్లల నడుమ తిరుగునది అది. ఒకసారి బలవంతముగా పట్టిన చేతిని అది మరువదు. పాదము కుక్కకు చాల సున్నితమైన చోటు. కాలు పట్టుబడినచో పారిపోవు దారి లేదని దానికి పుట్టుకతోనే తెలియును.

భయపడు కుక్క మొదటనే కరవదు. ముందు చెప్పును. ఆకలి లేకున్నను పెదవులు నాకుకొనును. నిద్ర లేకున్నను ఆవులించును. ముఖము ప్రక్కకు త్రిప్పి కంటి తెల్లగ్రుడ్డు కనిపించునట్లు ఓరగా చూచును. చెవులు వెనుకకు వాల్చును, తోక కాళ్ళ నడుమ పెట్టును, వణకును. కొన్ని కుక్కలు ఒక్కసారిగా కొయ్యబారి కదలక నిలుచును. ఇది లొంగుట కాదు, పిడుగుపాటుకు ముందుండు నిశ్శబ్దము. తరువాత గురుగురుమనును. గురుగురుమన్న కుక్కను కొట్టువారు కలరు. అది చాల పొరపాటు. గురుగురుమనుట కుక్క మనకు చేయు మేలు. ఆ హెచ్చరికను కొట్టి మాన్పించినచో, ఈసారి అది హెచ్చరింపకయే కరచును.

రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ పేరు మీలో కొందరు వినియుందురు. 1904లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. ఆహారమునకు ముందు ఒక శబ్దము వినిపించుచు పోయినచో, కొంత కాలమునకు ఆ శబ్దము వినగానే కుక్క నోట లాలాజలము ఊరునని ఆయన చూపెను. మనము చేయవలసినదియు ఇదియే. పాదముపై చేయి పడుట, కత్తెర శబ్దము, ఇవి రెండును తిండికి ముందు వచ్చు గుర్తులని కుక్క నమ్మవలెను.

ఈ పనిని రోజూ అన్నము పెట్టు మనిషియే చేయవలెను. ఎక్కువ ఇండ్లలో అది ఇల్లాలు గనుక ఈ వ్యాసమును ఆమెకు చదివి వినిపించుట మంచిది. కుక్కను కట్టు చోట కాక వేరొక చోట పాత చాప పరచండి. గచ్చుపై కాలు జారినచో కుక్కకు బెదురు పెరుగును. తిప్పి తెచ్చిన తరువాత, అన్నము పెట్టుటకు ముందు, చల్లని వేళలో రెండు మూడు నిమిషములు చాలును. ఉడికిన కోడిగ్రుడ్డు, ముల్లు తీసిన ఉడికిన చేప, కోడి కార్జము, ఏదైనను శనగగింజంత ముక్కలు పది సిద్ధము చేసికొనవలెను. ఎండుచేపకు కుక్క ప్రాణము పెట్టును గాని, ఉప్పు ఎక్కువ గనుక కడిగి నానబెట్టి కొంచెముగా వాడవలెను. ఉల్లిపాయ తగిలిన కూర ముక్కలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు కుక్కకు విషము. ఆత్రేయపురము పూతరేకు పెట్టినచో కుక్క కాదనదు గాని, అందులో కిస్‌మిస్ పలుకు ఉండవచ్చును. దానిని మనమే తినుట ఉభయులకు క్షేమము.

మొదటి దినమున భుజముపై చేయి వేసి, తీసి, ముక్క పెట్టవలెను. అంతే. ముందు చేయి, తరువాత ముక్క. ఈ వరుసను ఎన్నడును తారుమారు చేయరాదు. ముక్క చూపి ఆశపెట్టి కాలు పట్టుకొన్నచో, కుక్క కొన్నాళ్ళకు ముక్కనే అనుమానించును. భుజమునుండి మోచేతికి, అక్కడనుండి పాదమునకు చేయి జారుటకు మూడు నాలుగు దినములు పట్టవచ్చును. తరువాత పాదమును అరచేతిలోనికి తీసికొని ఒకటి, రెండు అని లెక్కించి వదలవలెను. అటుపై ఒక వ్రేలిని క్రింద మెత్తపై బొటనవ్రేలు ఆనించి మెల్లగా నొక్కినచో గోరు బయటికి వచ్చును. ఎప్పుడు కాలు లాగుకొన్నను వెంటనే వదలివేయవలెను. మరునాడు ఒక మెట్టు దిగి ప్రారంభింపవలెను. లాగుకొనిన కాలిని వదలుట ఓటమి కాదు. అడిగినచో వదలుదురని తెలిసిన కుక్క తానే కాలు ఇచ్చును.

ఈలోపల కత్తెరను కూడ పరిచయము చేయవచ్చును. రెండు దినములు చాపపై ఊరక పెట్టి దాని ప్రక్కన ముక్కలు వేయవలెను. తరువాత చీపురులోని కొబ్బరి ఈనె ఒకటి తీసికొని, కుక్కకు కొంచెము దూరముగా, కత్తెరతో టక్కున తుంచి ముక్క పెట్టవలెను. ఈనె తెగు శబ్దము గోరు తెగు శబ్దమునకు దగ్గరగా ఉండును. దినదినము ఆ శబ్దమును కాలి దగ్గరకు తేవలెను. శబ్దము వినగానే కుక్క మీ చేతివైపు ఆశగా చూచినచో సగము పని ఐనట్లే. తరువాత కోయకుండ కత్తెరను గోటికి తాకించి ముక్క పెట్టవలెను. ఆ తరువాతనే కోయుట. మొదటిసారి ఒక్క గోరు మాత్రమే, అదియు కొన మాత్రమే. పదునెనిమిది గోళ్ళు ఒక్క పూటలోనే తీయవలెనని ఏ శాస్త్రమును లేదు. రోజుకొక గోరు తీసినను మూడు వారములలోపల ముగియును.

దీపావళి టపాకాయల దినములలోను, ఉరుములు మెరుపులు ఉన్న రోజులలోను, సంక్రాంతికి ఇంటినిండ బంధువులు దిగినపుడును ఈ శిక్షణ సాగదు. ఆ నాలుగు రోజులు మానివేసి మరల మొదలుపెట్టండి.

కత్తెర చూపనీయని కుక్కకు

కొన్ని కుక్కలు ఎంత ఓపిక పట్టినను కత్తెర దరిచేరనీయవు. ముందెన్నడో గాయపడినవి ఇట్లుండును. వాటికొక చక్కని ఉపాయము కలదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు గల పలక చెక్కను వడ్రంగివద్ద తీసికొని, దానిపై 80 నంబరు గరుకు కాగితమును బంకతో అతికించండి. పలకను నేలపై పెట్టి, ముక్క ఒకటి దానిపై నుంచి చిన్న గుడ్డ కప్పినచో కుక్క దానిని ముందుకాలితో గీరును. గీరినంతనే ఇంకొక ముక్క పెట్టవలెను. రెండు మూడు దినములలో గుడ్డ లేకయే పలకను గీరుట నేర్చును. అపుడు పలకను నిచ్చెనవలె వాలుగా పట్టుకొనవలెను. తన గోటిని తానే అరగదీసికొనును. ఎవరును పట్టుకొననక్కరలేదు. పూటకు కాలికి నాలుగైదు గీరులు చాలును. అరికాలి మెత్తలు ఒరసికొనిపోకుండ చూచుచుండవలెను. ఈ పద్ధతిలో వెనుక గోళ్ళు అంతగా అరుగవు. బొటనవ్రేలి గోరు బొత్తిగా అరుగదు. ఆ రెండు గోళ్ళకైనను కత్తెర అలవాటు చేయక తప్పదు గాని, పదునెనిమిదింటికి రెండింటికి ఎంతో తేడా కలదు.

కోయు విధము

కుక్క గోళ్ళకని ప్రత్యేకముగా చేసిన కత్తెర పట్టణములలో కుక్కల సామాను అమ్ము దుకాణములలో దొరకును. దానినే కొనవలెను. మనము వాడు నెయిల్ కట్టరు పెద్ద కుక్క గోటిని కోయదు, నలుపును. గోరు చీలును. కటింగు ప్లేయరు, కొడవలి, బ్లేడు దరికి రానీయరాదు. కత్తెర పదును తగ్గినచో గోరును నొక్కి బాధపెట్టును గనుక పదును చూచుకొనవలెను.

గోరు పైపొర మన గోరువలెనే నిర్జీవమైనది. దాని లోపల నడుమ నెత్తురునాళము, నరము కలసియున్న పచ్చిభాగము ఉండును. అది తెగినచో నొప్పి, నెత్తురు రెండును వచ్చును. తెల్లగోరులో ఆ పచ్చిభాగము వెలుతురులో గులాబిరంగుగా కనిపించును. దానికి నూగుగింజంత దూరములో ఆపవలెను. నల్లగోరులో ఏమియు కనిపించదు. అందుచేత కాగితమంత పలుచని పొరలుగా తీయుచు, ప్రతి పొరకు కోసిన ముఖమును చూడవలెను. మొదట పొడిగా, తెల్లని సుద్దవలె ఉండును. నడుమ నల్లని లేక బూడిదరంగు చుక్క కనిపించగానే ఆపవలెను. ఇంకొక పొర తీసినచో పచ్చి తెగును.

కాలిని ప్రక్కకు లాగి పట్టరాదు. కుక్క సహజముగా మడచు దిక్కుననే, కొంచెము మాత్రమే ఎత్తవలెను. ముసలి కుక్కలు పెనుగులాడుట చాల సార్లు భయముచే కాదు, కీలునొప్పిచే. ఒకరు ముక్కలు పెట్టుచుండ వేరొకరు కోయుట మేలు. పిల్లలచేత పట్టించరాదు. చాల నెలలు వదలివేసిన గోటిలో పచ్చిభాగము కూడ ముందుకు పెరిగియుండును. దానిని ఒకేసారి పొట్టి చేయుట సాధ్యము కాదు. వారమునకొకసారి కొన తీయుచు పోయినచో పచ్చిభాగము మెల్లగా వెనుకకు జరుగును.

మంగళ, శుక్రవారములలో గోళ్ళు తీయరాదను ఆచారము ఇంటిలో ఉన్నచో ఆ రెండు దినములు మానండి. వారములో ఇంకను అయిదు దినములు కలవు. దీపము పెట్టిన తరువాత గోళ్ళు తీయరాదను మాట మాత్రము కుక్క విషయములో తప్పక పాటింపదగినది. ఆ వెలుతురులో పచ్చి ఎక్కడున్నదో కనిపించదు.

పాదము చేతికి వచ్చినపుడు వ్రేళ్ళ సందులు కూడ విప్పి చూడవలెను. పిడుదులు దాగుటకు ఇష్టపడు చోటు అదియే. వానాకాలములో సందులు నాని ఎర్రబడి చెడువాసన వచ్చుట కలదు. తడి నేలలోని కొంకిపురుగుల పిల్లలు పాదపు చర్మములోనుండి దూరి పుండ్లు కలుగజేయును. దానివలన గోళ్ళు కూడ మెత్తబడి వికారముగా పెరుగవచ్చును. ఇట్టివి కనిపించినచో గోళ్ళు తీయుట ఆపి పశువైద్యునికి చూపవలెను.

నెత్తురు వచ్చినచో

కంగారుపడి కేకలు వేయరాదు. కుక్క మన గొంతు విని బెదరును. శుభ్రమైన గుడ్డతో గోటికొనను అయిదు నిమిషములు వదలక నొక్కి పట్టవలెను. మంగలివారు గడ్డము గీసిన తరువాత రుద్దు పటికను పొడిచేసి ముందే దగ్గర ఉంచుకొన్నచో దానిని అద్ది నొక్కవచ్చును. అది లేనపుడు మైదాపిండియో, మొక్కజొన్న పిండియో అద్దవచ్చును. సున్నము, పొగాకు, కిరసనాయిలు పూయరాదు. ఆ దినము కుక్కను బురదలోనికి, చెరువుగట్టుకు వదలరాదు.

ఇరువది నిమిషములు నొక్కినను నెత్తురు ఆగకున్నచో అది కత్తెర దోషమే కాకపోవచ్చును. పిడుదులవలన వచ్చు ఎర్లికియా జ్వరములో నెత్తురు గడ్డకట్టుటకు కావలసిన కణములు తగ్గిపోవును. పైకి ఆరోగ్యముగానే కనిపించు కుక్క గోటి గాయముతో గంటలకొద్ది నెత్తురు కార్చును. అట్టి కుక్కను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

గోరు మాంసములో దిగియున్నను, మొదలంట చీలియున్నను, వ్రేలు వాచియున్నను ఇంటిలో తీయరాదు. అది శస్త్రము పని. మూతి కట్టవలసినంత కోపము గల కుక్కయైనను పశువైద్యునివద్దకే. అవసరమైనచో ఆయన కుక్క బరువునుబట్టి మత్తుమందు ఇచ్చి తీయును. మనుషుల నిద్రమాత్రలు, నొప్పిమాత్రలు కుక్కకు వేయుట ప్రాణాపాయము. ఆసుపత్రికి తీసికొనిపోవుటకు మూతి కట్టక తప్పనపుడు కొన్ని నిమిషములకు మించి గుడ్డతో కట్టియుంచరాదు. కుక్క నాలుక చాపి రొప్పుటవలననే తన వేడిని తగ్గించుకొనును. మన వేసవి ఉక్కలో మూతి బిగించిన కుక్కకు వడదెబ్బ తగులుటకు ఎక్కువ సేపు పట్టదు.

గోళ్ళ పనికి పూనుకొనకముందే ఆ కుక్కకు రేబిసు టీకా వేయించియుండవలెను. మూడు నెలల వయసున మొదటి టీకా, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారము రెండవది, అటుపై ఏటేట. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చరు రేబిసు టీకాను మొదటిసారి ఒక బాలునికి ఇప్పించెను. ఆ జ్ఞాపకార్థము జూలై 6న జరుపు దినమునాడు మన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుట ఆనవాయితీగా ఉన్నది. ఆ తేదీని పంచాయతీ నోటీసు బోర్డుపై ముందుగా వ్రాయించుట గ్రామాధికారులు చేయగల సులువైన పని.

ఎంత జాగ్రత్తపడినను కుక్క కరచినచో, గోటితో గీరి చర్మము లేచినను సరే, ఆ చోటును సబ్బుతో, పారు నీటిక్రింద పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము అద్దరాదు. కట్టు కట్టరాదు. అదేరోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. పెంపుడు కుక్కయే గదా, టీకా వేసినదే గదా అని ఇంటిలో నిర్ణయించుకొనక ఆ మాట వైద్యునికి చెప్పి, ఆయన చెప్పినన్ని మోతాదులును పూర్తి చేయవలెను.

కుక్కపిల్లను ఇప్పుడే తెచ్చుకొన్నవారికి ఇంత శ్రమ ఉండదు. రెండు నెలల పిల్లను ఒడిలో పెట్టుకొని, పాలు పట్టునపుడే రోజూ నాలుగు పాదములు తడుముచు, వారమున కొకసారి గోటికొన కొంచెము తీయుచుండండి. పెద్ద కుక్కలకు నెలకొకసారి చూచినచో సాధారణముగా సరిపోవును. అమావాస్యనాడు చూచుట అలవాటు చేసికొన్నచో తేదీ మరువరు.